తెలిసిన మాటకే తొలి అక్షరం
(గిడుగు వెంకట రామమూర్తి స్మారక ఉపన్యాసం)



గిడుగువారి పేరు మీద సభ అంటే వ్యావహారిక భాషోద్యమం గురించి మాట్లాడటం ఆనవాయితీ. పండితులతో ఆయన పెట్టుకున్న పేచీలు, పాత గ్రంథాల నుంచే తీసి చూపించిన ప్రయోగాలు, చివరికి నెగ్గిన వాదం, ఇవన్నీ ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మళ్ళీ వింటాం. సవరల మధ్య ఆయన చేసిన పనిని మాత్రం టైమైపోతుండగా ఒక్క వాక్యంలో ముగిస్తాం. నిజానికి ఆయన జీవితంలో సవరలే ముందు, వ్యావహారికం తరవాత. ఈ వరస మరిచిపోయాం గనకే ఆయన మనకు పండితుడిగా గుర్తున్నారు గాని ఒకటో తరగతి పంతులుగా గుర్తులేరు. ఆ పంతులు ఎత్తుకున్న ప్రశ్న గురించే నేనివాళ మాట్లాడతాను. చదవడం, రాయడం ఏ భాషలో మొదలుపెట్టాలి? ఇంట్లోనూ బడిలోనూ ఒకే భాష ఉన్న పిల్లకు ఎలా చెప్పాలి? ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి ఉన్న పిల్లకు ఎలా చెప్పాలి?

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఊరికి దగ్గర్లోనే కొండలు, ఆ కొండల్లో సవరలు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. అది తెలుగుకు చుట్టం కూడా కాదు, ముండా కుటుంబానికి చెందిన భాష. నేర్చుకుని ఊరుకోలేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, కథలూ పాటలూ పోగుచేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు వెయ్యి రూపాయల పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు ఒక బడి పెట్టించమన్నారు. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుందనీ, దానికి వాడిన క్వినైనే ఆయన చెవులు తినేసిందనీ చెబుతారు. ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు కోశం 1938లోనూ అచ్చయ్యాయి. భాషాశాస్త్రవేత్తలకు ఈ రెండే ముఖ్యం. నా మట్టుకు నాకు ఆ చిన్న వాచకాలే ఆయన పెద్ద పుస్తకాలు.

1907 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే దొరకు ఒక సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగు ఒకటీ బడిలో చెప్పే తెలుగు ఇంకొకటీ ఎందుకయ్యాయని అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగు, గురజాడ అందుకున్నారు. తరవాతి కథ మీకు తెలిసిందే. నేను గుర్తుచేసేదల్లా, ఆ ప్రశ్న వినేనాటికే గిడుగు సవర బడులు నడుపుతున్న మనిషి. తెలియని భాషలో పుస్తకం చేతికిస్తే పిల్లవాడు ఏమైపోతాడో కళ్ళారా చూసినవాడు. గ్రాంథికం ముందు కూర్చున్న తెలుగు పిల్లవాడిలో ఆయనకు ఆ సవర పిల్లవాడే కనిపించి ఉంటాడు. వాటిని రెండు ఉద్యమాలుగా విడదీసింది మనమే.

అసలు చదివేటప్పుడు ఆరేళ్ళ పిల్ల ఏం చేస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. "ప... డ... వ" అని కూడబలుక్కుంటుంది. మూడూ కలిశాక "పడవ!" అంటుంది, ముఖం విచ్చుకుంటుంది. తను చదివింది సరైనదేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. పొరపాటున "పలవ" అని చదివిందనుకోండి. అలాంటి మాట తనెప్పుడూ వినలేదు. కాబట్టి ఆగుతుంది, వెనక్కి వెళ్ళి ఆ మధ్య అక్షరాన్ని మళ్ళీ చూస్తుంది. ఇక్కడ దిద్దింది టీచరు కాదు, ఆమె చెవి. నలభై మంది ఉన్న తరగతిలో టీచరు ఒక్కొక్కరిని రోజుకు ఎన్నిసార్లు దిద్దగలరు? చెవి మాత్రం ప్రతి మాటకూ దిద్దుతుంది. తెలుగు రాని పిల్లకు పడవ, పదవ, పలవ మూడూ ఒకటే. ఆమె చదివి టీచరు ముఖం చూస్తుంది. ముఖం చూసి చదవడం అలవాటైన పిల్ల పుస్తకంతో ఒంటరిగా ఎప్పటికీ కూర్చోలేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: తను చదివింది సరో కాదో తనకు తానే తెలుసుకోగల భాషలో పిల్లకు తొలి అక్షరం నేర్పాలి.

తెలుగు ఇంటి పిల్లకు మాటలన్నీ ముందే ఉన్నాయి, అక్షరమే కొత్త. కొత్తంటే చిన్న కొత్త కాదు. ముప్ఫైకి పైగా ఉన్న హల్లులకు గుణింతాలు వేసుకుంటూ పోతే 400 దాటే రూపాలు వస్తాయి. ఆ మీద వత్తులు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సొనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్షరాల మీద పట్టు సాధించడం ఒకటో తరగతితో అయిపోదనీ, మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుందనీ అందులో తేలింది. 26 అక్షరాల లిపికి పెట్టుకున్న గడువులు మనకు పెడితే పిల్లలకు లేని రోగం అంటగట్టినట్టే. రెండో తరగతి పిల్ల సంయుక్తాక్షరం దగ్గర తడబడుతోందంటే ఆమె మందమతి అనుకోవద్దు. లిపి పెద్దది, దారి పొడుగు.

దారిని ఇంకా పొడుగు చేసింది మన వరస. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఆఖర్న వత్తులు. శాస్త్రం దృష్టిలో ఇది అందమైన వరస. పిల్ల నోట్లో ఉన్న మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు, అన్నం, పిల్లి, కుక్క, బువ్వ. అన్నిట్లోనూ వత్తులే! ప్రాణానికి దగ్గరైన మాటలన్నీ పాఠ్యక్రమంలో చిట్టచివర. అ పక్కన అమ్మ బొమ్మ వేస్తాం గాని, ఆ మాటను ఆ పిల్ల నెలల తరబడి చదవలేదు. ద్విత్వాలను, అంటే అదే హల్లుకు అదే వత్తు వచ్చేవాటిని, గుణింతాల మధ్యలోకే తెచ్చేయమని నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నన్నాళ్ళూ పోరాను. సంయుక్తాక్షరాలు కావాలంటే తరవాత చెప్పుకోవచ్చు.

గుణింతం సంగతి కూడా చెప్పాలి. "క కా కి కీ" అని తరగతంతా ఊగుతూ చదువుతుంటే వరండాలో నిలబడ్డ అధికారికి ముచ్చటేస్తుంది. బోర్డు మీద "కే" ఒక్కటీ రాసి అడగండి. చాలామంది పెదాలు కదుపుతూ మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగుతారు. పాట వచ్చింది, గుర్తు రాలేదు. ఏత్వం అన్న గీత ఏ హల్లు మీద కూర్చున్నా ఒకే ధ్వని ఇస్తుందని తెలిస్తే నాలుగొందల రూపాలను ఒక్కొక్కటిగా బట్టీ పట్టాల్సిన పనే లేదు. వచ్చిన ఐదారు హల్లులతో పలక, తల, వల, పడవ లాంటి మాటలు చదివించి, వాటి మీదే ఒక్కో గుర్తూ చేరుస్తూ పోతే పిల్లలు తొందరగానే అందుకుంటారు. చూచిరాత గురించి ఎక్కువ చెప్పను. చేతికి అలవాటు కోసం కొంత అవసరం. గంటల తరబడి రాయించడం తరగతిని నిశ్శబ్దంగా ఉంచడానికే పనికొస్తుంది.

ఇంట్లోనూ బడిలోనూ ఒకే భాష ఉన్న పిల్ల అన్నాను గాని, అలాంటి పిల్ల నిజంగా ఉందా? పాలమూరు పిల్లవాడి ముందు పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంది. వాడు "పోయిండు" అని చదివాడు. టీచరు తప్పన్నారు. నన్నడిగితే అది ఆ తరగతిలో ఆ రోజు జరిగిన అత్యుత్తమమైన చదువు. అక్షరాన్ని దాటి అర్థాన్ని పట్టుకుని తన భాషలో చెప్పగలిగాడు. "భలే, అంతే, పుస్తకంలో దాన్నే వెళ్ళాడు అని రాశారు, చూడు" అంటే చాలు. రెండూ మిగులుతాయి. తప్పంటే, తన ఇంటి మాట బడికి పనికిరాదన్న పాఠం ఒక్కటే మిగులుతుంది. గ్రాంథికం పోయింది గాని దాని కుర్చీ ఖాళీగా లేదు, పాఠ్యపుస్తకపు ప్రామాణిక భాష వచ్చి అందులో కూర్చుంది.

ఇక రెండు భాషల పిల్లలు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు చదువులో వెనకబడతారన్న నమ్మకానికి వందేళ్ళ చరిత్ర ఉంది. 1923లో వేల్స్‌లో సేర్ అనే ఆయన పరీక్షలు పెట్టి, పల్లెటూళ్ళలో రెండు భాషల పిల్లలకు మార్కులు తగ్గాయని రాశాడు. పట్నం పిల్లల్లో ఆ తేడా కనిపించలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు, రెండు భాషలూ సమంగా వచ్చిన పిల్లల్ని సరైన జోడీతో పోల్చి చూస్తే ఫలితం తిరగబడింది. రెండు భాషల వాళ్ళే ముందున్నారు.

అయినా మాంట్రియల్ దాకా ఎందుకు? మన పొరుగున ఒడిశాలో, కంధమాల్ కొండల్లో మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మొహంతి చేసిన పరిశోధన ఉంది. అక్కడ కొన్ని ఊళ్ళలో కొందులు తమ కుయి భాష వదిలేసి ఒడియా ఒక్కటే మాట్లాడుతున్నారు. మరికొన్ని ఊళ్ళలో కుయి, ఒడియా రెండూ మాట్లాడుతున్నారు. ఒకే జాతి, ఒకే బతుకు, తేడా అల్లా భాషలోనే. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆలోచనకు, భాష పనితీరును గమనించడానికి సంబంధించిన పరీక్షల్లో రెండు భాషల పిల్లలే మెరుగ్గా చేశారు. ఒకే వస్తువుకు రెండు పేర్లుండొచ్చని ఎరిగిన పిల్లకు, పేరు వేరు వస్తువు వేరు అన్న సంగతి తొందరగా బోధపడుతుంది. చదవడం నేర్చుకోవడానికి కావలసిన తెలివి కూడా ఇలాంటిదే.

మరి ఏజెన్సీ బడుల్లో ఆ తెలివి ఎందుకు కనిపించదు? కంధమాల్ పిల్లలకు రెండో భాష ఊళ్ళో ఆటపాటల్లో వచ్చింది. మన తండాలోనో గూడెంలోనో ఉన్న పిల్లకు రెండో భాష, దాని అక్షరం, క్రమశిక్షణ అన్నీ ఒకే రోజున, ఒకే గదిలో, కొత్త మనిషి చేతుల మీదుగా ఎదురవుతాయి. తల్లిని యాడి అని పిలిచే లంబాడీ పిల్లకు అ పక్కన ఉన్న ఆ బొమ్మ ఏ సాయమూ చెయ్యదు. బొమ్మ చూసి మాట, మాట నుంచి ధ్వని, ధ్వని నుంచి అక్షరం అని మనం కట్టిన మెట్లలో మొదటి మెట్టే ఆమెకు లేదు.

టొరంటోలో పనిచేసిన విద్యావేత్త జిమ్ కమిన్స్ ఈ సందర్భంలో రెండు సంగతులు చెప్పాడు. చదవడం అనే నేర్పు ఒక భాషలో కుదిరితే రెండో భాషకు అదే నడిచివస్తుందనేది మొదటిది. ఆటల్లో, బజార్లో పనికొచ్చే భాష రెండేళ్ళలో వచ్చేస్తుందనీ, పుస్తకాన్ని అర్థం చేసుకుని చదివే భాషకు ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందనీ రెండోది. హాస్టల్ వార్డెన్లూ టీచర్లూ తరచూ మోసపోయేది ఈ రెండోదాని దగ్గరే. "తెలుగు గడగడా మాట్లాడుతున్నాడు కదండీ, పాఠం ఎందుకు రాదు?" అంటారు. మాట్లాడుతున్నాడు నిజమే, అది కబడ్డీ తెలుగు.

ఈ సంగతులు మన దగ్గర ఎవరికీ తెలియవని అనలేం. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కొమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వానికి గోండుల సంగతి పట్టించుకోక తప్పలేదు. ఆ రోజుల్లోనే మార్లవాయిలో మకాం పెట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో అక్కడ గోండు పంతుళ్ళ శిక్షణ కేంద్రం తెరిపించారు. చదవను రాయను కొద్దోగొప్పో వచ్చిన గోండులనే తీసుకుని పంతుళ్ళుగా తయారుచేశారు. గోండీలోనే వాచకాలు వచ్చాయి. ఆదిలాబాద్ గోండులకు అప్పట్లో మరాఠీతో దగ్గర సంబంధం ఉండేది గనక లిపి దేవనాగరి. గోండీ నేర్చుకున్న సేతుమాధవరావు పగ్డీ వంటి అధికారులు ఆనాడు అక్కడ ఉన్నారు. తరవాత రాష్ట్రాలు మారాయి, పాలన భాష మారింది, తెలుగు వచ్చింది, గోండీ వాచకాలు మూలపడ్డాయి. వాటికి బదులు తెలుగు లిపిలో కొత్త గోండీ వాచకాలు రాసి ఉండవచ్చు, పర్లాకిమిడి పంతులు చూపిన దారి ఉండనే ఉంది. ఆ దారి మరుగునపడింది.

అరవై ఏళ్ళు గడిచాక, 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పని మళ్ళీ మొదలుపెట్టింది. గోండీ, కోయ, కోలామీ, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అని ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. చదవడం ఇంటి భాషలో, తెలుగు ముందు నోటితో, ఆ తరవాత అక్షరంతో. మంచి వరస. పుస్తకాలూ బాగానే వచ్చాయి. కానీ పథకానికి ప్రాజెక్టు అని పేరు పెట్టగానే దానికి ఒక గడువూ ఒక బడ్జెట్ పద్దూ వస్తాయి, పద్దు మారినప్పుడల్లా పిల్లల భాష మారుతుంది. సవర పుస్తకాలు బీరువాలో ఉండగా సవర రాని టీచరు తెలుగు పాఠం చెబుతున్న దృశ్యం ఈ సభలో ఉన్న కొందరైనా చూసే ఉంటారు.

లిపి మీద ఒక మాట. సవరలకు 1936లో మంగేయి గొమాంగో సొంత లిపి కూర్చారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. జాతి గౌరవానికి ఇవి కావాలి, బడిలోనూ నేర్పాలి. అయితే ఒకటో తరగతిలో ఇంటి భాషకు రాష్ట్ర లిపి వాడితేనే పిల్లకు లాభమని నా అభిప్రాయం. గోండీ చదవడానికి నేర్చిన అక్షరంతోనే రేపు తెలుగు చదువుతుంది. దీనితో ఏకీభవించని మిత్రులు ఉన్నారని తెలుసు.

ఈ గొడవంతా ఏజెన్సీది మాత్రమే అనుకునేవాళ్ళు ఇప్పుడు తమ ఊరి బడి వైపు చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో, తెలంగాణలో 2022లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియానికి ఉత్తర్వులూ నిర్ణయాలూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, అయినా గాలి అటే వీస్తోంది. తల్లిదండ్రులను నేను నిందించను. డబ్బున్నవాళ్ళు కొనుక్కుంటున్న చదువు తమ పిల్లలకూ కావాలని కూలివాళ్ళు అడగడంలో అన్యాయం లేదు. కానీ ఈ మార్పుతో తెలుగు పిల్ల కూడా ఆ లంబాడీ పిల్ల పక్కకు చేరింది. ఇద్దరికీ బొమ్మకు పేరు తెలుసు, పుస్తకంలోని మాట తెలియదు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఆలోచన మంచిదే. తెలుగు పేజీ ముందు చదివించి, అర్థమయ్యాక ఇంగ్లీషు పేజీకి వెళితే అది ద్విభాషా బోధన. ఇంగ్లీషు పేజీ గట్టిగా చదివించి, ఎదుటి పేజీని పరీక్షకు గైడులా వాడుకుంటే రెండింట్లో ఏదీ రాదు. పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే నివేదికల లెక్కలో, దేశంలోని గ్రామీణ ప్రాంతాల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. నలుగురిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక భాషలో చదవడం వచ్చిన చోట, ఏ మీడియం అన్న చర్చ మిగతా ముగ్గురికి అందనే అందదు.

ఒకే గదిలో గోండీ, లంబాడీ, మరాఠీ, తెలుగు పిల్లలు కలిసి ఉంటే ఏం చేయాలని నన్ను అడుగుతుంటారు. ఉట్నూరు వైపు ఇది ఊహ కాదు, రోజూ ఉండేదే. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ ప్రతి పిల్లనూ ఇవాళ నీకు ఏ మాట కావాలని అడిగి, ఆ మాటనే కార్డు మీద రాసి ఇచ్చేది. 1963లో వచ్చిన ఆమె పుస్తకం దాని గురించే. మన గదిలోనూ అది కుదురుతుంది. పిల్ల తన భాషలో ఒక మాటో వాక్యమో చెబుతుంది, టీచరు దాన్ని తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాస్తారు, పిల్ల చదువుతుంది. తనే చెప్పిన మాట గనక చదవడంలో ఎక్కడ తప్పినా తనకే తెలుస్తుంది. టీచరుకు ఆ భాష రాకపోయినా ధ్వని వింటే రాయొచ్చు, తప్పు రాస్తే పిల్లలే నవ్వి దిద్దుతారు. దానికి సమాంతరంగా రోజూ ఒక గంట తెలుగు, పుస్తకం లేకుండా, కథగా, ఆటగా చెప్పాలి. రెండూ కలిసే రోజు తొందర పెట్టకుండానే వస్తుంది.

చట్టాలకు లోటు లేదు. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషే అంది. 2020 విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అంది. "వీలైనంతవరకు" అన్న చోటే అందరం ఆగిపోయాం.

కాబట్టి నా విన్నపం చట్టం గురించి కాదు, మనిషి గురించి. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మీద నాకు బాధ ఉంది. అయితే ఆ జీవో కూడా తెగను అడిగింది గాని భాషను అడగలేదు. కోయ టీచరు గోండు గూడేనికి, లంబాడీ టీచరు కోలామీ గూడేనికి వెళ్ళిన సందర్భాలు అప్పుడూ ఉన్నాయి. ఇకనైనా ప్రతి ప్రాథమిక పాఠశాల రిజిస్టరులో పిల్లల ఇంటి భాష ఏమిటో ఒక గడి పెట్టి రాయండి. ఒకటి, రెండు తరగతులకు ఆ భాష మాట్లాడగల టీచరునే వేయండి, దొరక్కపోతే ఆ ఊళ్ళోనే ఇంటర్ చదివిన అమ్మాయికి జీతమిచ్చి పక్కన కూర్చోబెట్టండి. ఆ భాష నేర్చుకున్న టీచరుకు ఒక ఇంక్రిమెంటు ఇవ్వండి. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో ఉన్న మిత్రులారా, ప్రభుత్వం కోసం ఆగకుండా ఈ వేసవిలో మీ జిల్లాలో ఉన్న ఏదో ఒక భాషలో పదహారు పేజీల వాచకం ఒకటి ఆ భాష పిల్లలను కూర్చోబెట్టుకుని తయారుచేయండి. పర్లాకిమిడిలో ఒక బడిపంతులు ఎవరి ఉత్తర్వూ లేకుండా చేశాడా పని.